నీళ్ళు పారిన వైపు

మాడసామి వాళ్ళ పెద్దలు ఏ ఊరినుంచి వచ్చారో ఎవరికీ తెలియదు. ఎన్నో తరాల కిందట తెలుగు దేశం వదిలి వచ్చారట. దారిలో ఊరి పేరు పోయింది, ఇంటిపేరు పోయింది. మాట మాత్రం పోలేదు. సూలూరు దగ్గరి ఆ పేటలో వీధిలో అరవం, వాకిలి దాటితే తెలుగు.

తండ్రి నాయుళ్ళ బావులకు మోట తోళ్ళు కుట్టేవాడు. కరెంటు పంపులు వచ్చాయి. గిలకలు ఒక్కొక్కటే మూగబోయాయి. తోలు వాసన పోయిన చేతులతో తండ్రి కొడుకును మిల్లు గేటు దగ్గర వదిలి వచ్చాడు.

మాడసామిని బ్లోరూములో వేశారు. బేళ్ళు విప్పి, పత్తిని యంత్రానికి అందించే గది అది. యంత్రం పత్తిని కొట్టేది, గాలి తెల్లబడేది. పక్కవాడి ముఖం పొగమంచులో చెట్టులా కనిపించేది. ఆదివారం సెలవు తరువాత సోమవారం లోపలికి వెళితే రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుండేది. మంగళవారానికి లేచేవాడు, ఆ కూర్చున్నవాడు. ఆదివారం వచ్చేసరికి ఊపిరి ఉతికి ఆరేసిన పంచెలా తేలికయ్యేది. బ్లోరూము వాళ్ళందరికీ అంతే. దాన్ని జబ్బు అనుకోలేదు, సోమవారం అనుకున్నారు.

ఆ తేలికైన ఆదివారాల్లో మాడసామి సైకిలు పందేలకు పోయేవాడు.

మిల్లుకూ మిల్లుకూ మధ్య పందేలు. అన్నూరు రోడ్డు మీద తెల్లవారుతూనే మొదలయ్యేవి. బెల్లు, మడ్‌గార్డులు, క్యారియరు అన్నీ విప్పేసిన సైకిలు ఈకలు పీకిన కోడిలా ఉండేది. భార్య రామాయి నవ్వేది. "నన్ను కూచోబెట్టుకునేదానికి చోటే లేకుండా చేస్తివే మామా. పెండ్లాము బరువని చెప్తే సరిపోయుండుగదా!"

గెలిచినప్పుడు తువ్వాలు ఇచ్చేవారు, ఒకసారి ఇత్తడి చెంబు ఇచ్చారు. కానీ అతడు పోయింది వాటికోసం కాదు. అదే మిల్లు జట్టులో వెంకటపతి కూడా తొక్కేవాడు. అన్నూరు వైపు భూములున్న నాయుడుగారి కొడుకు. మాడసామి తండ్రి తోళ్ళు కుట్టింది వాళ్ళ బావికే. నేల మీద అతడు ఎదురైతే మాడసామి చెప్పులు విడిచి పక్కకు నిలవాలి. సైకిలు మీద ఆ నియమం లేదు. మలుపులో భుజానికి భుజం తగిలేది, చెమట చెమటకు అంటేది. "తొలుగు సామీ!" అని అరిచి దాటిపోతే దారిలో ఎవరూ తప్పు పట్టేవారు కాదు. వారానికోసారి, రెండు చక్రాల ఎత్తున, మాడసామి మనిషిలో మనిషి.

రోడ్డు మీద లారీలు పెరిగాయి. ఒక పందెంలో ఒకడి కాలు విరిగింది. అప్పుడు మిల్లువాళ్ళు వెనుక ఉన్న బీడు నేలలో సైకిళ్ళకని ఒక చుట్టుదారి వేయించారు. ఎర్రమన్ను మీద బాయిలరు బూడిద పరిచి, నీళ్ళు చల్లి, రోలరు తిప్పారు. దూరంనుంచి చూస్తే నేలకు కాటుక దిద్దినట్టుండేది. అరవవాళ్ళ ఆడి నెలలో, ఆషాఢంలో, మొదటి పందెం అన్నారు.

ఆ పందెగాళ్ళలో ఒక వాడుక ఉంది. కొత్త దారి మీద మొదట అందరిలోకీ పెద్దవాడు ఒంటరిగా తొక్కి రావాలి. ఏ వైపు తిరగాలి, ఎక్కడ దాటవచ్చు, ఎక్కడ జారుతుంది, అన్నీ అతడే ముందు చెప్పాలి. అతడు చెప్పేదాకా మరొకరి చక్రం దాని మీద పడదు. ఆ పెద్దరికం కొన్నేళ్ళుగా మాడసామిది. అతడి మాట ఒక్కసారీ తప్పలేదు.

ఆ ఆదివారం ఆకు కదలలేదు. పాలకాడు కనుమనుంచి వచ్చే గాలి ఇంకా బయలుదేరలేదు. జట్టును చూసుకునే ఫిట్టరు మేస్త్రి చెన్నకేశవన్ చేయి ఊపాడు. మాడసామి కదిలాడు.

మొదటి మలుపు బాగుంది. లోపలి అంచున బూడిద ఇంకా కుదురుకోలేదని చక్రమే చెప్పింది. రెండో మలుపు దాటాక తాటిచెట్ల పక్కన పొడుగాటి దారి. అక్కడ దారి లేచింది. తొడలు బరువెక్కాయి. ఊపిరి గొంతు దగ్గరే తిరగబడింది. మాడసామి పెడళ్ళ మీద లేచి నిలబడి తొక్కాడు. చుట్టు పూర్తిచేసి వచ్చి, హ్యాండిలు మీద వాలి, మాట వచ్చేదాకా ఆగాడు.

"తాటిచెట్ల కాడ మేడుండాది మేస్త్రీ, దారి ఎక్కుతాది," అన్నాడు. "కంటికి తెలియదు. కాలికి తెలుస్తాది. అట్లే పందెమిడిస్తే అక్కడే సగం మంది చచ్చిపోతారు. తవ్వి మట్టం చేయవల్ల."

తరువాత అయ్యప్పన్ తొక్కాడు. మాడసామి పేటవాడే, అతడి దగ్గరే నేర్చుకున్నవాడు. తిరిగి వచ్చి తల దించుకుని చైను చూసుకున్నాడు.

"ఎట్లుండాదిరా?" అన్నాడు చెన్నకేశవన్.

"అన్న చెప్పినట్లే. కొంచం మేడే."

వెంకటపతి వెళ్ళి వచ్చాడు. అతడు నవ్వుతూ దిగాడు. "ఏమి మేడురా అయ్యప్పా? అక్కడ నా కాళ్ళు పనే చేయలే. సైకిలే నన్ను మోసుకుపోయె!"

"మీ సైకిలు పుదుసు సామీ, కొత్తగా వచ్చిన సీమ సైకిలు. మా సైకిళ్ళకు మేడు."

"సైకిలు పుదుసైతే నేల మారునా?"

నలుగురూ నవ్వారు. చెన్నకేశవన్ నవ్వలేదు. మాడసామి మాట ప్రకారం అక్కడ తవ్వాలంటే మనుషులందరూ సెలవు రోజున గడ్డపారలు పట్టాలి. తవ్వకపోతే మాడసామి మాట పడిపోయినట్టు.

"ఎందుకు సండ, మాటకు మాట?" అన్నాడు వెంకటపతి. "మా తోటలో కాలవ తీసేటప్పుడు మేడుపల్లం మనిషిని అడగము. నీళ్ళను అడుగుతాము."

రోలరు పక్కన నీళ్ళ పీపా ఉంది. ఇద్దరు దాన్ని తాటిచెట్ల దగ్గరికి దొర్లించుకుపోయి, పొడుగాటి దారి నడిమధ్యన ఒంచారు. నీళ్ళు ఒక్క క్షణం గుండ్రంగా నిలిచాయి. ఆలోచించినట్టు. తరువాత బూడిదను వీపున మోసుకుంటూ, మెల్లగా, పందెగాళ్ళు పోయే వైపే పారాయి. పల్లానికి.

మాడసామి ఆ నీటి నాలుకను చూస్తూ నిలబడ్డాడు. ఎదురుగాలి లేదు. రోజు సోమవారం కాదు. ఇక ఏ పేరు పెట్టుకోవడానికీ లేదు. దారి లేవలేదు. రొమ్ము లోపల ఏదో దిగిపోయింది. దిగి, ఆదివారం నాడు కూడా లేవకుండా కూర్చుంది.

"నీళ్ళకేమి తెలుసున్నా," అన్నాడు అయ్యప్పన్ గబగబా. "రోలరు సాలులో పడి అట్ల పోయుంటాది. నేల ఇంకా కుదరలే."

వెంకటపతి ముఖంలో నవ్వు పోయింది. అతడికీ అర్థమైంది. దగ్గరికి వచ్చాడు. అతడి అడుగుల కింద తడిసిన బూడిద కిర్రుమంది.

"ఆమా అన్నా, వాడు చెప్పేది నిజమే," అన్నాడు. "కుదిరినాక ఇంకొకసారి చూస్తాము. విడన్నా, పోనీ."

అన్నా. ఇన్నేళ్ళలో నేల మీద నిలబడి అతడు ఆ మాట అనడం అదే మొదటిసారి. మాడసామి జీవితమంతా ఆ ఒక్క పిలుపు కోసం తొక్కాడేమో, అతడికే తెలియదు. గెలిచిన రోజు వచ్చి ఉంటే దాన్ని రామాయికి చెప్పి ఉండేవాడు. అది ఈ రోజు వచ్చింది, జ్వరం వచ్చిన బిడ్డ నెత్తిన పెట్టే చేయిలా.

"వద్దుంగ సామీ," అన్నాడు. గొంతులో కోపం లేదు. "పేరు పెట్టే పిలువుంగ. ఎప్పుడూ పిలిచినట్లే."

చెన్నకేశవన్ వైపు తిరిగాడు. "తవ్వొద్దు మేస్త్రీ. దారి మంచి దారి. ఇదే వైపు తిరగనీ. మొదటి మలుపులో లోపలంచు మెత్తగుండాది, బయటికి పట్టి పోవల్ల. తాటిచెట్ల కాడ..." ఊపిరి అందక ఆగాడు. "తాటిచెట్ల కాడ దాటవచ్చు. దిగుడుగదా."

"నీవు?" అన్నాడు మేస్త్రి.

"అయ్యప్పన్ తొక్కుతాడు."

అయ్యప్పన్ ఏడుపు ముఖం పెట్టాడు. మాడసామి వాడి వీపు మీద ఒకటి చరిచాడు. "నాకోసరం అబద్ధం చెప్పేవాడు పందెంలో బ్రేకు పట్టుకుంటాడు. పోడా, ఇంకొక చుట్టు తొక్కు. ఈసారి నిజంగా తొక్కు."

ఇంట్లో రామాయి ఏమైందని అడగలేదు. ఆమె ఆ రొమ్ము పక్కన పడుకునే మనిషి. లోపల పిల్లికూనల్లా గురగురమనే చప్పుడును చాలా కాలంగా వింటూనే ఉంది. అన్నం పెడుతూ, "మేడా, పల్లమా?" అంది, ఎవరో ముందే చెప్పినట్టు.

"పల్లం."

"కూరాకు ఇంకొంచం పెట్టనా?"

"పెట్టు."

మరునాడు మళ్ళీ బ్లోరూమే. దుమ్ము లేని వేరే పనిఖాతాలోకి మార్చమని అడిగితే, ఊపిరి లేనివాడని గేటు బయటికే పంపుతారని భయం. మిల్లులో మనిషికి జబ్బు చేసినా పత్తికి జబ్బు చేయదు. అది బేళ్ళుబేళ్ళుగా వస్తూనే ఉంది. తరువాత అతడు ఎక్కువ ఏళ్ళు బతకలేదు. పోయినప్పుడు ఆస్పత్రిలో ఉబ్బసం అన్నారు. పేటలో దమ్ము అన్నారు. పత్తి అని ఎవరూ అనలేదు.

కానీ ఆడి నెల పందెం రోజు అతడు ఉన్నాడు. కనుమ గాలి చెట్లను వంచుతోంది. జనం మొదటి మలుపు దగ్గర మూగితే, మాడసామి ఒక్కడే తాటిచెట్ల పక్కన నిలబడ్డాడు. ఆఖరి చుట్టులో ఇద్దరు మిగిలారు. వెంకటపతి, అయ్యప్పన్. భుజానికి భుజం. ఎవరి చెమట ఎవరిదో తెలియనంత దగ్గరగా ఆ దిగుడులోకి వచ్చారు. మాడసామి నోరు తెరిచాడు. దాటరా, ఇక్కడే, ఇప్పుడే దాటు. మాట పెదవులదాకా వచ్చింది. దాన్ని బయటికి నెట్టడానికి గాలి లేదు.

అయ్యప్పన్ దాటలేదు. ఒక్క చక్రం వెనుక పడ్డాడు.

ఇద్దరూ గీత దాటి సైకిళ్ళు దిగారు. అయ్యప్పన్ ఒగరుస్తూ నవ్వాడు, చెమట తుడుచుకున్నాడు. తరువాత ఎవరూ చెప్పకుండానే, వెంకటపతికి దారి ఇస్తూ, రెండడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆ రెండడుగుల ఎడాన్ని మాడసామి దూరంనుంచి చూశాడు. చూసి, తాటి మొదలుకు చేయి ఆనించి, మెల్లగా నేల మీద కూర్చున్నాడు.