నాయన మీసానికి సంగటి

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్లు నిండీ నిండని రోజుల్లో, ఒక పొద్దున బడికి జడ వేయించుకుంటూ కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయాను. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చిందని మదనపల్లె ఆసుపత్రిలో చెప్పారు. మాట, నడక తొందరగానే తిరిగొచ్చాయి. కుడిచెయ్యి మాత్రం పిడికిలి బిగించుకుని, నాది కాదన్నట్టు ఒళ్లో పడి ఉండేది.

మా ఊరు కురబలకోట పక్కన. చూడ్డానికి వచ్చినవాళ్లంతా మా అమ్మను అడిగే ప్రశ్న ఒకటే. "ముసలోళ్లకొచ్చే జబ్బు బిడ్డకు యాల వచ్చిందమ్మా? ఏం పెట్టినావు?" అమ్మ మొదట్లో ఏడ్చేది, తర్వాత్తర్వాత తలుపు వేసుకునేది. కుప్పం నుంచి మా మేనత్త, పక్షవాతానికి పావురాయి రక్తం పూయాలంటూ, బుట్టలో ఒక పావురాయిని పెట్టుకుని బస్సెక్కి వచ్చింది. ఆమె కాఫీ తాగేలోపు నాయన బుట్ట మూత తీసేశాడు. ఆ పావురాయి ఎక్కడికీ పోకుండా మా అటక మీదే కాపురం పెట్టి, ఏడాదంతా మా నెత్తిన రెట్టలు వేసింది.

డాక్టరు చెప్పింది ఒక్కటే. ఆ చేత్తోనే పనులు చేయించాలి, లేకుంటే అట్లాగే బిగుసుకుపోతుంది. అమ్మకు మనసొప్పేది కాదు. మాకు పొద్దూమాపూ రాగి సంగటే. దాన్ని వేళ్లతో తుంచి, గుంత చేసి, పులుసులో ముంచాలి. ముద్ద జారితే నా ముఖం చిన్నబోతుందని తనే నోట్లో పెట్టేది. నాకూ హాయిగానే ఉండేది. నోరు తెరిస్తే చాలు కదా.

ఒక సాయంత్రం నాయన కుడిచేతికి మోచేతి దాకా గుడ్డ చుట్టుకుని వచ్చాడు. ఆవు తన్నిందట. మా పుంగనూరు ఆవు మేక కంటే కాస్త పొడుగు, ఈగ వాలినా తోక ఆడించడానికి బద్ధకించేది. అయినా నమ్మేశాను. అమ్మ సంగటి పళ్లెం మా ఇద్దరి మధ్య పెట్టి, "ఇద్దరికీ తినిపించేదానికి నాకేమన్నా నాలుగు చేతులుండాయా? మీరే సూసుకోండప్పా" అని పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది. నాయన నోరు తెరిచాడు. నేను ఎడమచెయ్యి చాపితే టక్కున మూసేశాడు.

"కుడిచేత్తో పెట్టమ్మా. ఆకలయితాండాది."

మొదటి ముద్ద ఆయన మీసంలోకి పోయింది. రెండోది చొక్కా జేబులో పడింది. మూడోసారి పులుసు ముక్కులోకి పోయి ఇల్లదిరేలా తుమ్మాడు. "నోరు ఈడుండాది, ముక్కులో కాదు" అన్నాడే తప్ప కట్టు కట్టిన చెయ్యి మాత్రం ఎత్తలేదు. పొయ్యి దగ్గర అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆయనకో ముద్ద, నాకో ముద్ద, అదే చేత్తో. ఆ నెలంతా మా కుక్క ఆయన చొక్కా వెంటే తిరిగింది.

నెల దాటాక ఒక ఆదివారం నాయన తలంటుకుని వస్తే, హడావిడిలో అమ్మ కట్టు ఎడమచేతికి కట్టింది. ఆయన కుడిచేత్తో తల గోక్కుంటూ వచ్చి నా ముందు నోరు తెరిచాడు. నాకు అంతా అర్థమైపోయింది. అడిగేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ అడిగితే కట్టు విప్పేస్తాడు. విప్పేస్తే నా చేతి ముద్ద కోసం ఇట్లా ఎదురుచూడడు. ఏమీ చూడనట్టు ముద్ద చేసి పెట్టాను. ఆ పూట ఒక్కటీ కింద పడలేదు. మర్నాటికి కట్టు మళ్లీ కుడిచేతికి చేరింది, ఆవు పాపం ఇంకో రెండు నెలలు ఆ నింద మోసింది.

నాకు తెలుసన్న సంగతి వాళ్లిద్దరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నాకు అరవై దాటాయి. చిటికెనవేలు ఇంకా పూర్తిగా తెరుచుకోదు. ముద్ద జారినప్పుడల్లా మా మనవరాలు స్పూను తెచ్చిస్తుంది, నేను పక్కన పెట్టేస్తాను. మీసానికి సంగటి అంటుకున్న మా నాయన ఆకలితో ఎదురుగా కూర్చునే ఉన్నట్టుంటుంది. ఇంకో ముద్ద చేస్తాను.