చెరుకు రైలింజన్ని తుడిచిన రోజు

మా మావయ్యగారు దివిసీమలో ఒక చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు రైలు నడిపేవారు. పొలాల నుంచి చెరుకు లాక్కొచ్చే చిన్న ఆవిరి ఇంజను అది. లారీలు, ట్రాక్టర్లు వచ్చాక పట్టాలు పీకేశారు. ఇంజను షెడ్డులో ఉండిపోయింది. ఆయన రిటైరై బందరులో మా దగ్గరికి వచ్చేశారు.

అసలే మితభాషి. అత్తయ్యగారు పోయాక, నేను స్కూల్లో పాఠాలు చెప్పి ఇంటికొస్తే, "వచ్చావా అమ్మాయ్" అనే మాట కూడా తగ్గిపోయింది.

పోయిన వేసవిలో ఆయన పాత స్నేహితుడొకాయన ఫోన్ చేసి, ఇంజన్ని తుక్కు కింద అమ్మేశారనీ, గుడివాడలో పాత ఇనుము యార్డుకు చేరిందనీ చెప్పారు. మావయ్యగారు ఆ పూట అన్నం సరిగా తినలేదు. మర్నాడు పొద్దున్నే, "అమ్మాయ్, నన్నోసారి గుడివాడ తీసుకెళ్తావా?" అన్నారు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. మా వారు ఊళ్ళో లేరు. కారు మాట్లాడుకుని వెళ్ళాం.

యార్డులో పాత బస్సుల మధ్య ఉంది ఇంజను, ఒళ్ళంతా మట్టితో. ఇద్దరు పనివాళ్ళు గ్యాస్ కట్టరు సిద్ధం చేస్తున్నారు. మావయ్యగారు కొయ్యద్దని బతిమాలతారేమోనని నాకు భయమేసింది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి యజమాని దగ్గరికి వెళ్ళారు.

"బాబూ, మీ వ్యాపారం మీది. ఒక్క పూట ఆగుతారా? దీన్ని తుడుస్తాను."

"కోసేదాన్ని తుడవడమేంటండీ పెద్దాయనా?"

"తుడవకుండా ఏనాడూ డ్యూటీ దిగలేదు బాబూ. ఇలా మురికితో పంపడానికి మనసొప్పట్లేదు."

యజమాని పనివాళ్ళ వైపు తిరిగి, "కట్టరు పక్కన పెట్టండ్రా. కిరసనాయిలు, గుడ్డలు తీసుకురండి," అన్నాడు.

నేను కొంగు దోపుకుని పైకెక్కాను. ఆయన కింద చక్రాలు పట్టారు. తుడుస్తూ మాట్లాడటం మొదలుపెట్టారు. చలికాలం తెల్లవారుజామున చెరుకు కొట్టే ఆడవాళ్ళు తపేలాలతో వస్తే, ఇంజన్లోంచి వేణ్ణీళ్ళు పట్టి ఇచ్చేవారట.

"పెళ్ళైన కొత్తలో మీ అత్తయ్య క్యారేజీ పట్టుకొచ్చి, నన్నూ ఎక్కించమంది. రూల్సు ఒప్పుకోవు. అయినా ఎక్కించాను. పొగకి కొత్త చీర నల్లబడిపోయింది. తిడుతుందనుకున్నా. మళ్ళీ ఎప్పుడెక్కిస్తారంది!"

ఆయన పగలబడి నవ్వారు. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. పనివాళ్ళూ నవ్వుతూ గుడ్డలందుకున్నారు. మధ్యాహ్నానికి మట్టి కింద నుంచి ఆకుపచ్చ రంగు, ఇత్తడి పట్టీ బయటపడ్డాయి.

మావయ్యగారు ఇంజనుకు దణ్ణం పెట్టుకుని, "ఇక మీ పని కానివ్వండి నాయనా," అన్నారు. వెనక్కి తిరిగి చూడలేదు. దారిలో కారాపించి, ఆకలేస్తోందని ఇడ్లీ తిన్నారు.

వర్షాలు మొదలయ్యాక పనిమీద గుడివాడ వెళ్ళినప్పుడు, ఆ యజమానికి థాంక్స్ చెప్పడానికి యార్డు దగ్గర దిగాను. అతను నన్ను గుర్తుపట్టాడు.

"ఆ ఇనుము ఎప్పుడో కరగడానికి వెళ్ళిపోయిందండీ. పెద్దాయన ఎలా ఉన్నారు?"

"బాగున్నారండీ," అన్నాను. "ఇప్పుడు మాతో కబుర్లు చెప్తున్నారు."