కొత్తక్కకు పది, తొందరయ్యకు అయిదు

థ్రెడ్డు బాబాయ్‌కి మనుషులు మనుషుల్లా కనిపించరు, జావా థ్రెడ్లలా కనిపిస్తారు. ప్రోగ్రాంలో పక్కపక్కనే సాగే పనుల్లో ఒక్కోదాన్నీ థ్రెడ్ అంటారు. అది పుడుతుంది, సిద్ధపడుతుంది, నడుస్తుంది, దేనికోసమో ఆగుతుంది, ముగుస్తుంది. ఎదుటి మనిషికి ఒకటి నుంచి పది దాకా ప్రాధాన్యం అంకె ఒకటి తగిలిస్తే తప్ప ఆయనకు కాఫీ గొంతు దిగదు.

పిన్ని ఫోన్ చేసి "బయల్దేరారా?" అంటే, "పుట్టాను, ఇంకా స్టార్ట్ కాలేదు" అనేవారు. త్వరలో రిటైరవబోతున్న ఆయన్ని, ఆ తర్వాత కూడా ఆఫీసులో ఉండమని మేనేజరు బతిమాలితే, "ముగిసిన థ్రెడ్‌ని మళ్లీ స్టార్ట్ చెయ్యలేరు సార్, జావా ఒప్పుకోదు" అని చేతులెత్తేశారు.

ఆయన వెళ్లాక, టీమ్ పెద్దగా ఆయన కూర్చునే తోలు కుర్చీ తనదేనని ఆయన కింద పనిచేసే తొందరయ్య ధీమా. కోడు రాయడంలో అతనంత చురుకైనవాడు ఆఫీసులో లేడు. ఇంతలో, పిల్లల కోసం ఏళ్ల తరబడి ఉద్యోగం మానేసిన ఒకావిడ కొత్తగా చేరింది.

"కొత్తక్కకు పది!" అన్నారు బాబాయ్.

"మరి నాకు?"

"అయిదు. అడక్కపోయినా అందరికీ వచ్చేదే."

ఆఫీసులో రాసిన కోడును పరీక్షించే మెషీన్ ఒక్కటే. పెద్ద అంకె ఉన్నవాళ్లదే ముందు వంతు. కుర్చీ కూడా పదికే పోతుందని తొందరయ్య ఏడుపు.

"పదిగారూ, దారి ఇమ్మంటారా?" అని రోజూ దెప్పేవాడు.

"నా కోడు ఎక్కడో ఆగిపోయింది తమ్ముడూ. నువ్వెళ్లు" అనేది ఆవిడ. వెళ్లేవాడు. మెషీన్ ముందు కూర్చుని కూడా కుళ్లుకునేవాడు.

చివరికి బాబాయ్‌నే నిలదీశాడు. "ఆవిడలో ఏం చూసి ఇచ్చారు పది?"

"రోజూ మెషీన్ ఎక్కేదెవర్రా?"

"నేనే."

"సిద్ధంగా ఉన్నవాళ్లలోనే అంకె చూస్తారురా వెర్రినాగన్నా. ఆగిపోయిన థ్రెడ్‌కి పదిచ్చినా నీ వంతేం పోదు. ఆవిడ మొదటిరోజే మానేస్తానంది. ఆ పది చూసుకునే నిలబడింది."

తొందరయ్య ఊరుకోలేదు. "అయితే నాకు ఆరైనా ఇవ్వొచ్చుగా!"

గొణుక్కుంటూనే కొత్తక్క కోడు చూశాడు. ఒక థ్రెడ్ కబురు కోసం ఆగి ఉంది, ఆ కబురు పంపే లైను ఎక్కడా లేదు.

"దీన్ని లేపేవాళ్లేరక్కా?" అని ఆ లైను రాయించాడు. థ్రెడ్ కదిలింది.

మెషీన్ ఖాళీ అయింది. తొందరయ్య పనీ సిద్ధంగానే ఉంది. లేచేలోపు కొత్తక్క నవ్వుతూ దాటిపోయింది. "నాది పది కదా తమ్ముడూ!"

నిలువుగుడ్లేసుకుని చూస్తున్న తొందరయ్య వెనక్కి బాబాయ్ తన తోలు కుర్చీ నెట్టారు. "నిలబడి కుళ్లుకోవడం ఎందుకురా? ఇందులో కూర్చుని కుళ్లుకో."

"బాబాయ్... ఇప్పుడైనా నా అంకె మారుస్తారా?"

"నన్నడుగుతావేంరా? ఆగినదాన్ని లేపినవాడివి, వచ్చే నెల నుంచి అంకెలు వేసేది నువ్వేగా."

తొందరయ్య కుర్చీలో సర్దుకుని, చాలాసేపు ఆలోచించి, తనకు తాను ఆరు వేసుకున్నాడు.