మా ఇద్దరి కార్లకీ ఒకే మేస్త్రీ

ఈ కింద రాసిందంతా అక్షరాలా నిజం. కొండమీద దుర్గమ్మ మీద ఒట్టు. నా ఒట్లు విని విని ఆవిడ విసిగిపోయి ఉంటుందేమోనని గుణదల మేరీమాత మీద కూడా ఒట్టు. ఇంకా నమ్మకం చాలకపోతే నా కారు స్టీరింగు మీద చెయ్యేసి చెబుతాను. దేవుళ్ళ మీద వేసినంత తేలిగ్గా దానిమీద ఒట్టెయ్యను.

తొంభైల నుంచీ నేను విత్తనాల ఏజెంటుని. వరి, మినుము, పెసర నమూనా పొట్లాలు డిక్కీ నిండా సర్దుకుని పొద్దున్నే బందరు రోడ్డెక్కేవాణ్ణి. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి చుట్టి చీకటి పడేలోపు బెజవాడ చేరేవాణ్ణి. కారు గుండ్రటి బానెట్ ఉన్న పాత తెల్ల డీజిల్ బండి, నాకంటే ముందు ఇద్దరి చేతులు మారింది. మీటరులో ఐదంకెలే ఉండేవి కాబట్టి లక్ష నిండగానే మళ్ళీ సున్నాలు పడేవి. నా చేతిలోనే రెండుసార్లు పడ్డాయి. రెండోసారి ఉయ్యూరు దగ్గర పడితే చెరుకు బళ్ళవాళ్ళు బళ్ళు దిగి చప్పట్లు కొట్టారు. ఒట్టేశాను కదా.

అది అంత దూరం నడిచిందంటే నా గొప్ప కాదు, ఆటోనగర్‌లో మా మేస్త్రీ గారి గొప్ప. అరవై దాటిన సాయిబు. బానెట్ ఎత్తే ముందు వెనక సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, "ఇక పోనివ్వండి సార్" అనేవారు. కంకిపాడు దాకా వెళ్ళొచ్చేసరికి జబ్బేమిటో చెప్పేసేవారు. నేను పటమట మలుపు తిరుగుతుండగానే ఆయన షెడ్డులో కూర్చుని, "సారొస్తున్నారు, ఇవాళా రెండో గేర్లోనే" అనేవారట.

అంతా బాగానే ఉండేది, ఆ రెండో కారు లేకపోతే.

అది గుణదలలో ఉండే ఒక లెక్కల లెక్చరరు గారిది. అదే మోడలు, అదే తెలుపు, నేను చూసేనాటికే తిరిగిన దూరంలో నాకంటే పాతిక వేల కిలోమీటర్లు ముందు. ప్రతి ఆదివారం ఆవిడే నడుపుకుంటూ కూచిపూడిలో వాళ్ళ అక్కగారింటికి వెళ్ళొచ్చేవారు. మేస్త్రీ గారు ఆ కారుని "మా పిల్ల" అనేవారు. నాది "మీ బండి".

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఏం మేస్త్రీ గారూ, రెండూ ఒకటేగా? నాదేమన్నా సవతి బిడ్డా?"

"మేడం గారు ఊరికే క్లచ్చి మీద కాలు పెట్టరు సార్. మీరు తియ్యరు."

ఆ మాట నాకు వారం రోజులు అన్నం సయించనివ్వలేదు. అప్పట్నించీ అన్నీ కనబడటం మొదలైంది. ఆవిడ కారుకి బోల్టులు బిగించేటప్పుడు ఆయన కూనిరాగం తీసేవారు. నా కారుకైతే దగ్గేవారు. ఆవిడకి టీ గాజు గ్లాసులో వచ్చేది, నాకు ప్లాస్టిక్ కప్పులో.

ఇలా ఏళ్ళు గడిచాక, రెండువేల ఐదు ప్రాంతంలో, మేస్త్రీ గారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి మోకాళ్ళు చూపించారు.

"ఇక బండి కిందికి దూరలేనండీ. షెడ్డు అల్లుడికి అప్పజెప్పేస్తున్నా. కాలక్షేపానికి ఒక్క బండి మాత్రం చూసుకుంటా. మీ రెండిట్లో ఏదో నెలాఖరుకి చెబుతా."

అల్లుడి సంగతి నాకు తెలుసు. కొత్త కార్లు తప్ప ముట్టడు. "ఇంకా ఎన్నాళ్ళు లాగుతారు సార్, తూకానికి ఇచ్చెయ్యండి" అని నా మొహం మీదే అన్నాడు. అంటే మేస్త్రీ గారు నా కారు వద్దంటే అది పాత ఇనప కొట్టుకే. ఆయన ఎవరి కారు కావాలంటారో చెప్పడానికి లెక్కల లెక్చరరు అక్కర్లేదు.

ఆలోచించాను. ఆయనకి ప్రాణం కార్లు కాదు, చెవులు. నా కారులో ఆయన పట్టుకోలేని చప్పుడు ఒకటి పుడితే దాన్ని వదిలి ఎలా పోతారు? డిక్కీ తీసి నమూనా పొట్లం చింపి, వెనక ఎడమ చక్రం మీది వీల్ కప్పు ఊడదీసి, అందులో గుప్పెడు మినుములు పోసి మూసేశాను.

అద్భుతం! నెమ్మదిగా వెళితే గలగల. వేగం అందుకోగానే మాయం. మళ్ళీ బ్రేకు వేస్తే గలగల. మేస్త్రీ గారు కళ్ళు మూసుకున్నారు, తెరిచారు, మళ్ళీ మూసుకున్నారు.

"వెనక ఎడమ పక్క నుంచండీ," అన్నారు.

చక్రం విప్పబోతే, "మీ మోకాళ్ళు నొప్పి, నేను తీస్తానుండండి" అని నేనే ముందు కప్పు ఊడదీసి మినుములు జేబులోకి ఒంపుకునేవాణ్ణి. విప్పి చూస్తే ఏమీ ఉండేది కాదు. కప్పు బిగించేటప్పుడు మళ్ళీ పోసేసేవాణ్ణి. నాలుగు రోజులు ఆయన నాతోనే తిరిగారు. మేడం గారు షెడ్డు ముందు తన కారులో ఎదురుచూస్తుంటే నేను అద్దం దింపి చెయ్యి ఊపాను కూడా. నా జీవితంలో అంత తీయని రోజులు లేవు.

నాలుగోరోజు పామర్రులో టీ తాగుతూ మేస్త్రీ గారు గ్లాసు కింద పెట్టేశారు.

"చప్పుడు బండిలో లేదు సార్, నా చెవుల్లో ఉంది. లేనిది వినపడతోంది. ఇంక ఏ బండీ ముట్టను. మీదీ వద్దు, మేడం గారిదీ వద్దు."

తిరిగొస్తూ కంకిపాడు దగ్గర కాలవ పక్కన కారు ఆపాను. కప్పు ఊడదీసి మినుములు ఆయన అరచేతిలో పోసి తప్పు ఒప్పుకున్నాను. ఆయన పగలబడి నవ్వి నన్ను వాటేసుకున్నారు. "కారు మీద ఇంత ప్రేమున్న మనిషిని చూళ్ళేదు సార్! ఇక మీ కారే నా కారు" అన్నారు. మేడం గారి మొహం చూడాలి ఆ రోజు!

అబద్ధం. ఈ కంకిపాడు ముక్క నేను కల్పించింది. చెరుకు బళ్ళ చప్పట్లు కూడా అనుకోండి, కానీ అవెవరికీ నష్టం చెయ్యలేదు.

నిజానికి నేను కారు ఆపలేదు. ఉయ్యూరులో చెబుదామనుకున్నాను, కంకిపాడులో చెబుదామనుకున్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి, వేలితో చెవి కెలుక్కుంటూ, మళ్ళీ చెవి ఒగ్గి వింటూ కూర్చున్నారు. నేను నోరు తెరవలేదు. షెడ్డు చేరాక ఆయన మేడం గారికి కూడా అదే మాట చెప్పి చేతులు జోడించారు.

ఆవిడ నా కారుని రెండడుగులు ముందుకి నడపమన్నారు. విన్నారు. కొంగు దోపుకుని కింద కూర్చుని, స్క్రూడ్రైవరుతో కప్పు లేపారు. మినుములు జలజలా రాలాయి. బెజవాడ మొత్తంలో అలాంటి చోట మినుములు పోసేవాడు ఎవడో కనుక్కోవడానికి పెద్ద లెక్కేం వెయ్యక్కర్లేదు.

"మీ చెవులకేం కాలేదు మేస్త్రీ గారూ. ఈయనే గారెలకి కారులో నానబోసుకున్నారు."

"నే చెప్పలా మేడం! ఎడమ పక్కేనని మొదటిరోజే చెప్పలా!" అంటూ ఆయన చిన్నపిల్లాడిలా ఆవిడ వైపు తిరిగారు. నా వైపు చూడనైనా చూడలేదు.

మేస్త్రీ గారు ఆవిడ కారునే ఎంచుకున్నారు. నా కారు గురించి కూడా ఆవిడే బతిమాలారు. ఆయన ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు: పరీక్షకి నా కారు మేడం గారే నడపాలి. ఆ తర్వాత రెండేళ్ళు, మూడోసారి సున్నాలు పడేదాకా, ఆవిడ నా స్టీరింగు పట్టుకుని, ఆయన నా వెనక సీట్లో కళ్ళు మూసుకుని కంకిపాడు వెళ్ళొచ్చేవారు. నేను షెడ్డులో బెంచీ మీద కూర్చునేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు మలుపులో గేరు మారిన చప్పుడు వినపడేది. నా చేతిలో అదెప్పుడూ అంత మెత్తగా పలకలేదు.

నా ఏడుపు దానికి కాదు. "మీ చెవులకేం కాలేదు" అనే మాట ఆయనకి నేను చెప్పాల్సింది. చెప్పడానికి పామర్రు నుంచి బెజవాడ దాకా రోడ్డంతా నాదే.