రెండో సైరన్

వికారాబాద్‌లో మా బడి చుట్టుపక్కల క్వారీలు లేవు. ఉన్నదల్లా రైల్వే లైను, ఒక కట్టెల అడితి, ఎండకు తట్టుకోలేక గోడ నీడన పడుకునే కుక్కలు. అయినా మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నాలు తిన్నాక, పిల్లలు మళ్ళీ తరగతిలో సర్దుకుని, ఫ్యాను చప్పుడు తప్ప ఏదీ వినపడని ఆ వేళకి నా ఛాతీలో ఏదో ఆగిపోయేది. చేతులు చల్లబడేవి. వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగులుతున్న సన్నటి చప్పుడు చెవిలో మొదలయ్యేది. బడిలో వంటిల్లు ఎక్కడిది?

ఒకరోజు ఎనిమిదో తరగతిలో పద్యం చెప్పబోతూ అలాగే ఆగిపోయాను. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, నోరు తెరిచి నిలబడ్డానట. రాగం ఎత్తుకోబోతున్నానేమోనని పిల్లలు నిశ్శబ్దంగా ఎదురుచూశారు. ముందు బెంచీలో ఒక పిల్ల నాతో పాటు అందుకుందామని తనూ నోరు తెరిచి కూర్చుంది. ఎంతకీ రాగం రాలేదు. "మేడం, పాడుండ్రి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా గొల్లున నవ్వింది. ఊపిరి తిరిగి రాగానే నేను చేసిన మొదటి పని వాళ్ళను చెడామడా తిట్టడం. భయం వేసినప్పుడు నాకు ముందు కోపం వస్తుంది. పాపం పిల్లలకు ఆ సంగతి తెలియదు.

గుండె జబ్బే అనుకున్నాను. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, ఇంకేవో తీశారు. డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "గుండె గుర్రం లెక్కున్నది మేడం. టెన్షన్ పెట్టుకుంటున్నరు, గంతే. పొద్దుగాల జర నడువుండ్రి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పెట్టుకుని తీసేయడానికి టెన్షన్ ఏమన్నా బొట్టుబిళ్ళా?

అయినా నడిచాను. మా ఆయన కిరాణా దుకాణం నడుపుతాడు. ఆయన పాత బూట్లు వేసుకుని, చీర కొంచెం పైకి దోపుకుని, తెల్లవారకముందే కాలేజీ గ్రౌండుకు వెళ్ళేదాన్ని. అక్కడ నాలాంటి ఆడవాళ్ళు గుంపుగా తిరుగుతుండేవారు. ఒకామెకు షుగర్, ఒకామెకు మోకాళ్ళు, ఇంకొకామెకు కోడలు. నాకేమిటని అడిగితే బీపీ అని చెప్పేదాన్ని. మధ్యాహ్నమైతే లేని గిన్నెల చప్పుడు వినిపిస్తుందని చెప్తే, మరునాటి నుంచి నా పక్కన ఎవరూ నడవరు.

నడిస్తే బాగుండేది, అబద్ధం చెప్పను. అనంతగిరి వైపు నుంచి వచ్చే చల్లగాలి ముఖానికి తగిలేది. ఆకలి వేసేది, నిద్ర పట్టేది. కానీ నేను పొద్దున్నే ఎంత వేగంగా తిరిగినా, మధ్యాహ్నం నాకంటే ముందే వెళ్ళి ఆ తరగతి గదిలో కూర్చుని ఉండేది.

అదేమిటో నాకు తెలియక కాదు. తెలిసినదాన్ని తెలియదనుకుని బతకడం నాకు బాగా అలవాటు.

నేను పుట్టి పెరిగింది తాండూరు నుంచి కరణ్‌కోట పోయే దారిలో ఒక పల్లెలో. మా ఇంటి నేల బండలే, గోడలోని అరలు బండలే, నెత్తిమీద కప్పు కూడా పొడుగాటి బండలే. ఊరికి ఆవల క్వారీ ఉండేది. మధ్యాహ్నం మొదటి సైరన్ కూసేది. తర్వాత రాయి పేల్చేవాళ్ళు. అంతా అయిపోయాక రెండో సైరన్ కూసేది. ఈ రెండు సైరన్ల మధ్య మా ఊళ్ళో ఎవరూ మాట్లాడేవారు కాదు.

మొదటి సైరన్ వినగానే అమ్మ పొయ్యి మీది గిన్నె దించేది. తమ్ముణ్ణి చంకనేసుకుని, భుజాలు పైకి లేపి, గడ్డం ఎత్తి గడప మీద నిలబడేది. కప్పు కూలినా దర్వాజా నిలుస్తుందని ఆమె నమ్మకం. "పట్టుకో బిడ్డా! నోరు తెర్వు! లేకుంటే చెవులు పోతయ్" అని నన్ను కేకేసేది. లోపలి అరలో ఉన్న మామిడికాయ తొక్కు జాడీ నా వంతు. రెండు చేతులా దాన్ని కౌగిలించుకుని, నోరు తెరిచి, ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. కాళ్ళ కింది బండ ఒక్కసారి ఎగిరినట్టయ్యేది. గిన్నెలన్నీ గలగలమనేవి. కప్పు సందుల్లోంచి సన్నటి దుమ్ము నా ముఖం మీద, తెరిచిన నోట్లో పడేది. ఆ రుచి నాకు ఇప్పటికీ తెలుసు. రెండో సైరన్ కూశాక, "ఇగ ఇడువు" అనేది అమ్మ.

మా ఇంటికి ఎన్నడూ ఏమీ కాలేదు. ఒక్క జాడీ కూడా పగల్లేదు. ఏమన్నా అయి ఉంటే ఈ భయానికి ఒక లెక్క ఉండేదేమో అనిపిస్తుంది.

ఒకసారి మాత్రం మొదటి సైరన్ కూసింది గానీ పేలుడు వినపడలేదు. రెండో సైరన్ కూడా కూయలేదు. అమ్మ గడపలో, నేను లోపల జాడీ దగ్గర అలాగే నిలబడ్డాం. ఊపిరి కొంచెం వదిలి మళ్ళీ బిగబట్టేదాన్ని. చేతులు తిమ్మిరెక్కాయి. గోడ మీది ఎండ మెల్లగా జరిగి వాకిట్లోకి వెళ్ళిపోయింది. ఎప్పటికో మా నాయన సైకిల్ దిగి, "మందు తడిసిందట, రేపు గొడ్తరట. మీకెవ్వరు జెప్పలేదా?" అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. తమ్ముణ్ణి దించి, నాయనకు నీళ్ళు ఇచ్చి, పొయ్యి రాజేసింది. వాళ్ళ మాటలన్నీ నాకు వినపడుతూనే ఉన్నాయి. కానీ నాకు ఎవరూ వదలమని చెప్పలేదు. అమ్మ చెప్పకుండా వదిలితే ఏమవుతుందోనని నేను వదల్లేదు. తొక్కు కోసం లోపలికి వచ్చిన అమ్మకి చీకట్లో నేను తగిలాను. "ఓ నా బిడ్డో!" అని ఒక్క కేక పెట్టి నన్ను ఎత్తుకుంది. ఆ కంగారులో వదలమని మాత్రం అనలేదు.

నా పెళ్ళైన రెండో ఏడే అమ్మ పోయింది. అప్పటికి నా బిడ్డ పుట్టనేలేదు.

ఇప్పుడా బిడ్డ డిగ్రీ ముగించి పోలీసు కానిస్టేబుల్ కావాలని పట్టుబట్టింది. రాత పరీక్ష దానికి లెక్కే కాదు. చిక్కల్లా పరుగే. ఎనిమిది వందల మీటర్లు. కిందటిసారి అందులోనే పోయింది. ఇంటికి వచ్చి కొన్నాళ్ళు గది దాటలేదు. చివరికి బయటికి వచ్చి, "ఇంకొక్క పారి రాస్త. గిట్లనే పోతే మల్ల నన్ను అడగొద్దు, నాయిన దుకాణంల కూసుంట" అంది. దుకాణంలో కూర్చోవడం తప్పేమీ కాదు. కానీ ఆ మాట అంటున్నప్పుడు దాని ముఖం చూడలేకపోయాను.

నేను నడిచే గ్రౌండులోనే ఒక పీటీ సారు ఆడపిల్లలకు పరుగు నేర్పేవాడు. "మీ పిల్లకు దమ్ము సరిపోతలేదు మేడం. మంచిగ తినపెట్టుండ్రి" అన్నాడు. గుడ్లు పెట్టాను. కందిపప్పులో నెయ్యి గుమ్మరించాను. అది లావెక్కింది గానీ దమ్ము మాత్రం పెరగలేదు.

ఒక పొద్దున నా రౌండ్లు ఆపి, గీత పక్కన నిలబడి దాన్ని చూశాను. పిల్లలంతా వంగి సిద్ధంగా ఉన్నారు. సారు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు నా బిడ్డ భుజాలు పైకి లేచాయి. నోరు తెరుచుకుంది. రెండు చేతులూ గాలిలో దేన్నో గట్టిగా పట్టుకున్నాయి. విజిల్ మోగింది. మిగతా పిల్లలు ఊపిరి తీస్తూ పరుగెత్తారు. ఇది ఊపిరి బిగబట్టుకునే పరుగెత్తింది. సగం చుట్టు తిరిగేసరికి ముఖం కమిలిపోయింది.

అది మా అమ్మ గడపలో నిలబడే తీరు. ఆ భుజాలు అమ్మవి, ఆ గడ్డం అమ్మది. నా బిడ్డ ఆమెను ఒక్కనాడూ చూడలేదు. దాని వెనక ఇంకెవరో పరుగెత్తుతున్నట్టనిపించి నేను నిజంగానే ట్రాక్ వైపు తేరిపార చూశాను.

ఇంటికి వచ్చాక అడిగాను. అది చెంబెడు నీళ్ళు తాగి, నేను ఏదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు నా వైపు చూసింది.

"కుక్కర్ సీటీ వచ్చే ముందట నువ్వు గట్లనే నిలబడ్తవు గదా అమ్మా. చిన్నప్పటి సంది చూస్తున్న. సీటీ వస్తదంటే ఊపిరి పట్టాలె అనుకున్న. అందరు పట్టరా?"

నేను కుర్చీ దాని పక్కకు లాక్కుని కూర్చున్నాను. క్వారీ గురించి, జాడీ గురించి, వదలమని చెప్పని ఆ రోజు గురించి మొదటిసారి దానికి చెప్పాను. వింటున్నంతసేపూ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆఖరికి, "నాకు సూపియ్యి" అంది.

ఆదివారం రైలెక్కి తాండూరులో దిగాం. అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాం. మా ఇల్లు ఉన్న చోట ఇప్పుడు బండలు నునుపు చేసే షెడ్డు ఉంది. దాని చుట్టూ తెల్లటి బురద. పాత క్వారీ మూసేశారు, గుంట నిండా పచ్చటి నీళ్ళు నిలిచాయి. గుర్తుపట్టే వస్తువు ఒక్కటీ లేదు. నాకు ఏడుపు రావాలి గానీ రాలేదు. రోడ్డు పక్కన హోటల్లో చాయ్ తాగుతూ నిలబడ్డాం. అప్పుడు ఎక్కడో దూరంగా, వేరే క్వారీ వైపు, సైరన్ కూసింది.

నేను క్వారీ వైపు చూడలేదు. నా బిడ్డ ముఖం చూస్తూ నిలబడ్డాను. దాని నోరు తెరుచుకుంది. నాది అప్పటికే తెరుచుకుని ఉంది. హోటల్లో మిగతావాళ్ళు చాయ్ తాగుతూనే ఉన్నారు. కాసేపటికి పరుపు మీద గుద్దినట్టు 'దబ్' అని ఒక చప్పుడు వచ్చింది. గ్లాసులో చాయ్ కూడా కదల్లేదు.

"గింతేనా?" అంది నా బిడ్డ.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నా చిన్నతనమంతా ఆ చప్పుడు కింద నిలబడి గడిపాను, దీనికి అది ఇంతేనట! లాగి ఒక్కటి ఇద్దామనుకున్నాను. అంతలో రెండో సైరన్ కూసింది. నా బిడ్డ నా వైపు వంగి మెల్లగా, "అయిపోయిందమ్మా. ఇగ చెయ్యి ఇడువు" అంది. చూస్తే దాని మణికట్టు నా చేతిలో ఉంది. వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పుకోవలసి వచ్చింది. అప్పుడు వచ్చింది ఏడుపు. రోడ్డు మీద, చాయ్ హోటల్ ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ రోజుతో నా భయం పోయిందని రాయాలని ఉంది. పోలేదు. మధ్యాహ్నం మధ్యాహ్నంలాగే వస్తోంది. కాకపోతే ఇప్పుడు దాని పేరు నాకు తెలుసు కనుక పిల్లలను తిట్టడం తగ్గించాను. బల్ల పట్టుకుని, వాళ్ళను పద్యం చదవమని చెప్పి, అది వెళ్ళిపోయేదాకా కిటికీ వైపు తిరిగి నిలబడతాను.

పీటీ సారుకు మా కథంతా చెప్పలేదు. నా బిడ్డకు విజిల్ నేనే ఊదుతానని మాత్రం అడిగి తీసుకున్నాను. ఊదాలంటే ఊపిరి వదలక తప్పదు. ఆ సంగతి మొదటి రోజే తెలిసింది. మొదట పిచ్చుక కూత కూడా రాలేదు, నడిచే ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత తర్వాత గ్రౌండు అవతలి కుక్కలు లేచేలా ఊదాను. నా బిడ్డ గీత దగ్గర వంగుతుంది, నేను ఊదుతాను, అది హా అని గట్టిగా అరుస్తూ ఊపిరి వదిలి పరుగెత్తుతుంది. కొన్ని పొద్దులు బాగా పరుగెత్తేది. కొన్ని పొద్దులు మళ్ళీ ఆ భుజాలు లేచేవి. అప్పుడు నాకు దాని వెనక అమ్మ కనపడేది. ఎంత అమ్మైనా అక్కడి నుంచి కాస్త పక్కకు జరిగితే బాగుండునని మనసులో వేడుకునేదాన్ని.

సెలక్షన్ రోజు తల్లిదండ్రులను లోపలికి రానివ్వలేదు. గ్రౌండు చుట్టూ ఎత్తు గోడ. గేటు బయట ఎండలో నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నాం. లోపల జట్టు తర్వాత జట్టును పరుగెత్తిస్తున్నారు, విజిల్ తర్వాత విజిల్ మోగుతోంది. అందులో నా బిడ్డది ఏదో తెలియదు. అందుకని ప్రతిదానికీ నా ఛాతీ బిగుసుకుపోయింది. "అక్కా, జర నీళ్ళు తాగు" అని పక్కనున్నామె బాటిల్ ఇచ్చింది. తాగుదామంటే మళ్ళీ విజిల్ మోగింది. బాటిల్ అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఎప్పటికో గేటు తెరుచుకుని కొందరు పిల్లలు బయటికి వచ్చారు. మోకాళ్ళ దాకా దుమ్ముతో, చెప్పులు చేతిలో పట్టుకుని నా బిడ్డ వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. దగ్గరికి వచ్చి నా భుజం మీద తల ఆనించి, "అయిందే అమ్మా, పాసైన" అంది.

"విజిల్ కొట్టంగనే మల్ల ఊపిరి పట్టబోయిన" అంది. "గంతల, గేటు బయట నువ్వు పట్టుకొనే ఉంటవ్ గదా అని యాదికొచ్చింది. ఇద్దరం పట్టుడెందుకని ఇడిచిపెట్టి ఉరికిన."

చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు. దానికి నవ్వు ఆగడం లేదు, నాకు ఏడుపు ఆగడం లేదు. అది అన్నది నిజమే. ఆ పొద్దంతా గోడ ఇవతల నిలబడి నేను ఊపిరి పట్టకుండా ఒక్క విజిల్‌ను కూడా పోనివ్వలేదు.