పెళ్లికొడుకును ఎగరేసిన కమ్మీ

బళ్ళారి కౌల్ బజార్ నడిబొడ్డున, బ్యాండుమేళం హోరెత్తుతుండగా, పెళ్లికొడుకు మధు ఉన్నట్టుండి గాల్లోకి లేచి, కారు ముందు సీట్లో కూర్చున్న నా భుజాల మీదుగా ఒళ్లో వచ్చి పడ్డాడు. ఆ అనర్థానికి కర్తను నేనే. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నాకిప్పుడు అలవాటైంది.

తొంభైల మొదట్లో సంగతి. పత్రికలో కొత్తగా చేరి, విదేశీ కార్ల మీద రెండు వ్యాసాలు రాశాను. చదివి రాసినవే, ఎక్కి కాదు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమంటారు. నేను ఆముదం విత్తును.

లారీల వీరన్న తన కొడుకు మధు పెళ్లి ఊరేగింపుకు బొంబాయి నుంచి టాపు లేని కారు బాడుగకు తెప్పిస్తానన్నాడు. వియ్యంకుడు శంకరప్ప, సిరిగేరి రైతు, ససేమిరా అన్నాడు.

"టాపు లేని జీపు బోల్తా పడి మా అన్న పాయె. అల్లునికి ఏమన్నా అయితే నా బిడ్డ గతేందప్పా?"

వీరన్న నన్ను పిలిపించి, రెండు కార్ల ఫొటోలు ముందు పెట్టాడు. "మెరవణిగె ఆగకూడదు, ఊరేగింపు లేని పెండ్లి పెండ్లేనా! ఏది గట్టిదో నువ్వే చెప్పప్పా."

న్యాయమూర్తిలా కళ్లజోడు సర్దుకున్నాను. "ఎర్రదానికి బెల్టులుండాయి, బ్రేకులు మంచివి. తెల్లదానికి అవీ ఉండాయి, పైగా సీట్ల వెనకాల ఒక ఇనుప కమ్మీ పండుకోని ఉండాది. కారు ఒరిగిందా, రెప్పపాటులో లేచి నిలబడి తలలు కాపాడుతాది."

"దానంతట అదే లేస్తాదా?" శంకరప్ప మొహం విప్పారింది. "అట్లయితే తెల్లదే రానీప్పా!"

నేను మరిచిందొక్కటే. ఊరేగింపులో మన పెళ్లికొడుకు సీట్లో కూర్చోడు. ఊరంతటికీ కనపడాలి కాబట్టి సీటు వెనక, పైన కూర్చుంటాడు. అంటే సరిగ్గా ఆ కమ్మీ మీద. కారు చేసినవాళ్లకు ఈ ఆచారం తెలియదు. తెలిసిన నాకు తట్టలేదు.

పెళ్లినాడు, కార్లు తెలిసినవాణ్ణని నన్ను ముందు సీట్లో ఎక్కించారు. కౌల్ బజార్లో ఎదురుగా ఆటో దూసుకొచ్చింది. డ్రైవరు పక్కకు తిప్పాడు. ఎడమ చక్రాలు మోరీలో దిగాయి, కారు ఒరిగింది. కమ్మీ తన ధర్మం తాను నెరవేర్చింది.

బ్యాండు ఆగిపోయింది. శంకరప్ప పరుగున వచ్చాడు. "తల కాపాడుతాదంటివే!"

బెల్టు కట్టుకుని క్షేమంగా ఉన్న నేను, "తలకేం కాలేదు గదప్పా" అన్నాను.

"తలకేం కాలేదు మామా," నా ఒళ్లోంచి మధు మూలిగాడు. "కూర్చునే చోటుకే అయింది."

శంకరప్ప అల్లుణ్ణి లేపి నెత్తి నుంచి కాళ్ల దాకా తడిమాడు. "బతికినాడు, చాలు. నడిపిచ్చుకోని పోదాం పాండ్రి."

ముహూర్తాన్ని అందుకున్నారు. పీటల మీద మధు కూర్చున్నదానికంటే లేచి నిలబడిందే ఎక్కువ. అగ్నిసాక్షిగా, ఎలాగూ పక్కనే హోమం ఉంది కాబట్టి, నేనూ ఒక ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ బండి మీదా, ఎద్దులబండితో సహా, తీర్పు చెప్పను.

కమ్మీని కిందికి దించడం మాత్రం బళ్ళారి మెకానిక్కుల్లో ఎవరి వల్లా కాలేదు. కారు దాన్ని అలాగే నిలబెట్టుకుని బొంబాయి వెళ్లిపోయింది. దిగిందో లేదో ఇప్పటికీ కబురు లేదు.