జీతం చీటీ చదివించిన సారు

దుమ్ముగూడెం అమ్మాయి మహిమ భద్రాచలంలో ఆరేళ్లు నర్సుగా పనిచేసి ఐర్లాండ్ వెళ్లింది. బయలుదేరే ముందే ఫోన్‌లో ట్యాక్స్ కాలిక్యులేటర్ తెరిచి, చేతికి ఎంత జీతం వస్తుందో చూసుకుంది. ఆ అంకెను నమ్మి అక్కడ ఇల్లు కిరాయికి తీసుకుంది. మొదటి నెల అందులో మూడో వంతు తగ్గింది. మోసపోయానని భయపడింది.

అప్పుడు జయప్రకాశ్ సారు గుర్తొచ్చారు. పాల్వంచ కరెంటు ప్లాంటులో జీతాల సెక్షన్ చూసి రిటైరైన ఆయన, భద్రాచలంలో కాలు విరిగి ఆమె వార్డులోనే నెలరోజులు ఉన్నారు. ఫోన్ చేసింది.

“ఆ దేశం పన్నులు నాకు తెల్వవ్ బిడ్డా. జీతం చీటీ ఒక్కొక్క లైను చదువు, వింట.”

చదువుతుంటే ఒకచోట ‘ఎమర్జెన్సీ ట్యాక్స్’ అని వచ్చింది.

“ఆగు. గదేందో కాలిక్యులేటర్ల పెట్టినవా?”

“లేదు సార్. కాలిక్యులేటర్ దాని గురించి అడగనే లేదు.”

“మరి దానికెట్ల తెలుస్తది? జల్దీ పన్నుల ఆఫీసునే అడుగు.”

అడిగితే, కొత్త ఉద్యోగాన్ని ఆ ఆఫీసులో నమోదు చేసుకోకపోవడంతో ఆ పేరుతో పన్ను ఎక్కువ పడిందట. నమోదయ్యాక, ఎక్కువ పట్టుకున్నది తిరిగి వచ్చింది. మహిమ వెంటనే ఆయనకు ఫోన్ చేసింది.

“మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో సార్!”

“నేనేం జేసిన? చదివింది నువ్వే గద!” అని నవ్వారాయన.

ఇప్పుడు కొత్తగా వచ్చే నర్సులతో కూర్చుని, కాలిక్యులేటర్ ఏ సంవత్సరం పన్నులతో లెక్క కడుతుందో, ఏమేం అడగలేదో తానే చూపిస్తుంది. ఇది పాల్వంచ సారు నేర్పిందని ప్రతిసారీ చెబుతుంది.